తెల్లారేదాకా ఆగొచ్చా?

రాత్రి పదకొండు దాటాక కుక్కకు ఒంట్లో బాగోలేదనిపిస్తే ఏ ఇంట్లోనైనా మొదట వచ్చే మాట ఇదే: తెల్లారేదాకా ఆగొచ్చా? పెద్దాయన "పొద్దున్నే తీసుకెళ్దాంలే" అంటారు. కూతురికి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అమ్మ పెరుగన్నం కలిపి తెచ్చి ముందు పెడుతుంది, కుక్క వాసన చూసి మొహం తిప్పుకుంటుంది. జవాబు ఎవరికీ తెలియదు కాబట్టి, ఎవరూ ఏమీ తేల్చకుండానే రాత్రి గడిచిపోతుంది.

ఈ అధ్యాయం ఆ ఒక్క ప్రశ్న కోసమే రాస్తున్నాను. కుక్కల ప్రాణం తీసే జబ్బుల్లో కొన్ని తెల్లారనివ్వవు. చూడ్డానికి భయపెట్టేవాటిలో చాలావరకు పొద్దున్నదాకా ఆగుతాయి. ఆ తేడా పట్టుకోవడానికి వెటర్నరీ చదువు అక్కర్లేదు. మీ కుక్క బాగున్నప్పుడు ఎలా ఉంటుందో కచ్చితంగా తెలిసుండాలి. కొన్ని గుర్తులు మనసులో ఉండాలి. రాత్రిపూట ఎవరు తేల్చాలో, ఎవరి బండిలో వెళ్ళాలో ఇంట్లో ముందే మాట్లాడుకొని ఉండాలి.

మనల్ని వెనక్కి లాగేది డబ్బు భయం ఒక్కటే కాదు. అర్ధరాత్రి డాక్టర్ని లేపాక తీరా ఏమీ లేదని తేలితే చిన్నబోతామేమోనన్న సంకోచం అంతకంటే గట్టిగా లాగుతుంది. "మొన్న కూడా ఇలాగే కక్కింది, తగ్గిపోయింది కదా" అని మనకు మనమే సర్దిచెప్పుకుంటాం. కుక్క కూడా మనకు సాయం చేయదు, ఎందుకంటే అది నొప్పిని దాచుకునే జీవి. పిలిస్తే లేచింది, తోక ఊపింది అన్నవి ఆరోగ్యానికి గుర్తులు కావు. కడుపు మెలిపడి చావుబతుకుల్లో ఉన్న కుక్క కూడా యజమాని గొంతు వినగానే తోక ఊపుతుంది. అందుకే దాని ఉత్సాహాన్ని కాదు, దాని ఒంటిని చూడటం నేర్చుకోవాలి.

బాగున్నప్పుడే చూసి పెట్టుకోండి

ఈ ఆదివారం ఒక పావుగంట కేటాయించండి. కుక్క పై పెదవి ఎత్తి చిగుళ్ళు చూడండి. లేత గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే, తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపే రంగు తిరిగి రావాలి. మన సికింద్రాబాద్ కుక్కల్లో చాలావాటికి చిగుళ్ళు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి. వాటికైతే కింది కనురెప్పను మెల్లగా లాగి లోపలి పొర రంగు చూడండి. నిద్రపోతున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో లెక్కపెట్టండి. ముప్పై దాటకూడదు. గుండె జబ్బున్న ముసలి కుక్కల్లో ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని ముందుగా చెప్పేది ఈ అంకె పెరగడమే.

డిజిటల్ థర్మామీటర్ ఒకటి కుక్క కోసం విడిగా కొనండి. కొనకు కాస్త కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూడాలి. కుక్కకు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు మామూలే. మనకు జ్వరమనిపించే అంకె దానికి ఆరోగ్యం. ముక్కు పొడిగా ఉంటే జ్వరం, తడిగా ఉంటే లేదు అనే లెక్కను ఇక వదిలేయండి. ముక్కుకూ జ్వరానికీ పొంతన లేదు. చివరిగా బరువు. దాన్ని ఎత్తుకుని మీరు మెషీన్ ఎక్కండి, తర్వాత మీ బరువు తీసేయండి. ప్రతి మందు మోతాదూ ఆ బరువును బట్టే లెక్కిస్తారు. ఈ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి. కంగారులో ఉన్న మనిషికి జ్ఞాపకం పనిచేయదు, కాగితం పనిచేస్తుంది.

అసలు ఆగకూడనివి

సైనిక్‌పురి, తిరుమలగిరి, బొల్లారం వైపు రిటైరైన సైనికోద్యోగుల ఇళ్ళలో పెద్ద జాతులంటే మక్కువ ఎక్కువ. జర్మన్ షెపర్డ్, డాబర్‌మాన్, గ్రేట్ డేన్ లాంటి ఛాతీ లోతుగా ఉండే కుక్కల్లో ఒక ఉపద్రవం ఉంది. కడుపు గాలితో ఉబ్బి, తన చుట్టూ తాను తిరిగిపోతుంది. లోపలికి వచ్చే దారీ బయటికి వెళ్ళే దారీ రెండూ మూసుకుపోతాయి, రక్తనాళాలు నలుగుతాయి. పట్టుకోవలసిన గుర్తు ఒకటే: కక్కడానికి పదేపదే ప్రయత్నిస్తుంది కానీ కాస్త నురగ తప్ప ఏమీ రాదు. ఒకచోట నిలవలేదు, పడుకోలేదు, పక్కటెముకల వెనక పొట్ట బిగుసుకుంటుంది. గ్యాస్ అనుకుని సోడా, వాము నీళ్ళు, ఈనో తాగించొద్దు. ఆపరేషన్ తప్ప దీనికి దారి లేదు, అది కూడా కొన్ని గంటల్లోనే జరగాలి. అందుకే బయల్దేరే ముందు ఫోన్ చేసి ఒక మాట అడగాలి: "ఇప్పుడు ఆపరేషన్ చేసే సర్జన్ ఉన్నారా?" సర్జన్ లేని చోటికి వెళ్ళి, అక్కణ్ణుంచి ఇంకో చోటికి పంపించుకోవడంలోనే ఆ గంటలు కరిగిపోతాయి.

రెండోది వడదెబ్బ. రోహిణి కార్తెలో మన ఊళ్ళో ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పి వేడిని బయటికి పంపడమే దానికున్న మార్గం. పగ్, బుల్‌డాగ్, షిట్జూ లాంటి చప్పిడి ముక్కు జాతులకు ఆ మార్గం కూడా ఇరుకు. డాబా మీద కట్టేసినా, పార్కింగ్‌లో కారులో పది నిమిషాలు వదిలినా చాలు. కుక్క ఒంటి వేడి 106 ఫారన్‌హీట్‌కు చేరితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. ఇక్కడ మాత్రం పరుగెత్తడం రెండో పని. ముందు చల్లార్చాలి. నీడకు తెచ్చి ఒళ్ళంతా కుళాయి నీళ్ళు పోసి, ఫ్యాన్ గాలి తగలనివ్వండి. తడి టవల్ కప్పి వదిలేస్తే అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది కాబట్టి కప్పొద్దు. థర్మామీటర్ 103 చూపగానే నీళ్ళు ఆపేసి బయల్దేరండి. లేచి తిరుగుతోంది కదా అని ఇంట్లో ఉంచేయకండి. కిడ్నీలు, రక్తం గడ్డకట్టే గుణం దెబ్బతిన్న సంగతి మర్నాడో ఎల్లుండో గానీ బయటపడదు.

విషం సంగతి ఇంకోరకం. ఇక్కడ కుక్క చక్కగానే ఉంటుంది, అదే మోసం. ఎలుకల కోసం పెట్టే బ్రోమాడియోలోన్ బిళ్ళ తిన్న కుక్క రెండు మూడు రోజులు మామూలుగా ఆడుకుంటుంది. ఆ తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. తిన్న గంటా రెండు గంటల్లోపు తీసుకెళ్తే డాక్టర్ వాంతి చేయించి చాలావరకు బయటికి తీయగలరు. ఆలస్యమైనా విటమిన్ కె1 అనే విరుగుడు ఉంది. దాన్ని వారాల తరబడి వాడాల్సి ఉంటుంది. మందు డబ్బానో చిరిగిన ప్యాకెట్టో తప్పకుండా వెంట పట్టుకెళ్ళండి, ఎందుకంటే ఎలుకల మందులన్నీ ఒకటి కావు, విరుగుడూ ఒకటి కాదు. ఉప్పునీళ్ళు తాగించి మీరే వాంతి చేయించే ప్రయత్నం చేయకండి, ఆ ఉప్పే విషమవుతుంది.

మన మాత్రలు కూడా విషమే. ఐదు కిలోల పొమెరేనియన్‌కు జ్వరమని 650 మిల్లీగ్రాముల పారాసిటమాల్ బిళ్ళ ఒకటి వేశారనుకోండి. కిలోకు 130 మిల్లీగ్రాములు పడినట్టు. వంద దాటితే చాలు, కుక్క కాలేయానికి ముప్పు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ఇంతకంటే ప్రమాదం, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. పండగపూట పాయసంలో కిస్‌మిస్, పిల్లల పుట్టినరోజు చాక్లెట్ కేకు, ఉల్లిపాయ పకోడీ కూడా ఈ పద్దులోనివే. కొన్ని కుక్కల్లో నాలుగు ద్రాక్షపళ్ళకే కిడ్నీలు దెబ్బతింటాయి, మరికొన్ని గుప్పెడు తిన్నా నిలబడతాయి. మీది ఏ రకమో పరీక్షించి చూసుకునే విషయం కాదిది.

ఇవి కాక, ఊపిరి అందక మెడ చాచి నిలబడటం, నాలుక నీలంగా మారడం, ఫిట్స్ ఐదు నిమిషాలు దాటడం, ఒకే రోజు రెండుసార్లు రావడం, మగ కుక్క కాలెత్తి ముక్కుతున్నా మూత్రం రాకపోవడం, పాము కాటు అనుమానం. వీటిలో ఏ ఒక్కటికీ పొద్దున్నదాకా ఓపిక పట్టొద్దు.

గోమార్ల జ్వరం

గోమార్ల జ్వరం, అంటే టిక్ ఫీవర్, సికింద్రాబాద్ కుక్కల అసలు శత్రువు. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1897 ఆగస్టు 20న మన బేగంపేటలో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఈ సంగతి మన ఊళ్ళో చాలామందికి తెలుసు. రాస్ దోమలో ఆ క్రిమిని చూడటానికి నాలుగేళ్ళ ముందే, 1893లో, అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ అనే ఇద్దరు పరిశోధకులు పశువుల్లో వచ్చే ఒక జ్వరాన్ని మోసుకొచ్చేది గోమారి అని రుజువు చేశారు. రక్తం తాగే చిన్న పురుగు జబ్బును మోయగలదన్న ఆలోచనకు అది గట్టి పునాది. 1910లో ప్యాటన్ అనే శాస్త్రవేత్త మద్రాసు హంట్ వేటకుక్కల రక్తంలో, ఆ తర్వాత నక్కల రక్తంలో ఒక కొత్త పరాన్నజీవిని గుర్తించాడు. అదే బబీసియా గిబ్సోని. మలేరియా క్రిమిలాగే ఇదీ ఎర్ర రక్తకణంలోకి దూరి దాన్ని పగలగొడుతుంది. నూరేళ్ళు దాటాయి, అది ఇప్పటికీ మన కుక్కల రక్తంలోనే ఉంది.

దీనికి తోడు ఎర్లీకియా అనే బాక్టీరియా ఉంది. 1935లో అల్జీరియాలో దీన్ని మొదట వర్ణించారు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం వెంట వెళ్ళిన కుక్కలు పెద్ద సంఖ్యలో ముక్కులోంచి రక్తం కారి చనిపోతే, లోకమంతా దీనివైపు తిరిగి చూసింది. అది తెల్ల రక్తకణాల్లో కాపురం పెట్టి ప్లేట్‌లెట్లను తగ్గించేస్తుంది. రెంటినీ మోసేది గోమార్లే. ఎర్లీకియాను మోసేది కుక్కల మీద మనం రోజూ చూసే ఆ గోధుమరంగు గోమారి. కొన్ని ప్రాంతాల్లో పిడుదు అంటారు.

ఈ గోమారి గడ్డిలోనే ఉంటుందనుకోవడం పొరపాటు. అది మీ ఇంట్లో హాయిగా బతుకుతుంది. ఆడది రక్తం తాగి ఉబ్బాక కింద పడి, గోడ పగుళ్ళలో, సోఫా కింద, తలుపు చట్రం సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. మన వాతావరణంలో ఏడాది పొడుగునా తరం వెనక తరం పుడుతూనే ఉంటుంది. కుక్క ఒంటి మీద మీకు కనిపించేవి కొన్నే. మిగతావి ఇంట్లో ఆకలితో ఎదురుచూస్తుంటాయి. అందుకే చేత్తో ఏరి చంపినంత మాత్రాన అయిపోదు. ఏరేటప్పుడు కూడా ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నిలువుగా లాగి, స్పిరిట్‌లో వేయాలి, గోళ్ళతో నలపకూడదు. నెలకోసారో మూడు నెలలకోసారో తినిపించే మాత్రలు ఇప్పుడు దొరుకుతున్నాయి. ఖర్చు ఎక్కువనిపిస్తుంది. ఒక్కసారి టిక్ ఫీవర్‌తో ఆస్పత్రిలో చేర్చి చూడండి, ఏది చవకో తెలుస్తుంది. ఫిట్స్ వచ్చే కుక్కకైతే డాక్టర్ని అడగకుండా ఆ మాత్రలు వేయొద్దు. పశువుల మందుల షాపులో దొరికే డెల్టామెత్రిన్, అమిట్రాజ్‌లను కొలత లేకుండా నీళ్ళలో కలిపి పోసేవాళ్ళు ఉన్నారు. డెల్టామెత్రిన్ ఇంట్లో ఉన్న పిల్లి ప్రాణం తీయగలదు. కిరోసిన్ గురించి చెప్పేదేముంది, దాన్ని కుక్క ఒంటికి తాకనివ్వకండి.

ఇక అసలు ప్రశ్న. టిక్ ఫీవర్ తెల్లారేదాకా ఆగుతుందా? తిండి తగ్గింది, 103 జ్వరం ఉంది, మందకొడిగా పడుకుంది, కానీ చిగుళ్ళు గులాబీ రంగులోనే ఉన్నాయి, నీళ్ళు తాగుతోంది అంటే, పొద్దున మొదటి పనిగా తీసుకెళ్ళొచ్చు. చిగుళ్ళు తెల్లబడ్డాయి, మూత్రం డికాషన్ రంగులో వస్తోంది, ముక్కులోంచి రక్తం కారుతోంది, పొట్ట చర్మం మీద ఎర్రటి ఊదా చుక్కలు తేలాయి అంటే ఇప్పుడే బయల్దేరాలి.

ఆస్పత్రిలో రక్త పరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్క, స్లైడు చూడటం తప్పనిసరి. అనుమానం తీరకపోతే పీసీఆర్ పరీక్ష చేయించమంటారు, చేయించండి. ఎందుకంటే ఎర్లీకియాకు వాడే డాక్సీసైక్లిన్ బబీసియా గిబ్సోనికి సరిపోదు, దానికి వేరే మందుల జత కావాలి. ఒకే కుక్కకు రెండూ కలిసి రావచ్చు. మందు వేస్తున్నా చిగుళ్ళు తెల్లగానే ఉంటే "ఇంకో నాలుగు రోజులు చూద్దాం" అనుకోకుండా, రెండో క్రిమి గురించి మీరే అడగండి.

డాక్సీసైక్లిన్ కోర్సు సాధారణంగా 28 రోజులు. నాలుగైదు రోజులకే కుక్క లేచి తిరుగుతుంది. సరిగ్గా అక్కడే చాలా ఇళ్ళలో మాత్రలు ఆగిపోతాయి. క్రిమి మాత్రం ఒంట్లోనే దాక్కుని, నెలలు, ఒక్కోసారి సంవత్సరాలు గడిచాక ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. అప్పుడు ఎర్ర కణాలు, తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు అన్నీ కలిసి పడిపోతాయి. ఆ దశలో డాక్టర్ చేయగలిగింది చాలా తక్కువ. జర్మన్ షెపర్డ్‌లలో ఇది మరీ తీవ్రంగా వస్తుంది. అందుకని 28 గళ్ళ కాగితం ఒకటి గీసి, మాత్ర వేసిన ప్రతి రోజూ ఒక గడి కొట్టేయండి. ఈ పని ఇంట్లో పిల్లలకు అప్పగిస్తే పెద్దవాళ్ళకంటే శ్రద్ధగా చేస్తారు.

రక్తం మరీ తగ్గిపోతే ఎక్కించాల్సి వస్తుంది. కుక్కల్లో మొదటిసారి ఎక్కించేటప్పుడు తీవ్రమైన ప్రతిచర్య రావడం అరుదు, కాబట్టి అత్యవసరంలో ఇంకో ఆరోగ్యమైన కుక్క రక్తం ప్రాణం నిలబెడుతుంది. సమయముంటే మాత్రం క్రాస్ మ్యాచింగ్ చేయడమే మంచిది. 25 కిలోలు దాటిన, టీకాలన్నీ వేయించిన, గోమార్ల బాధ లేని లాబ్రడార్ మీ కాలనీలో ఎవరింట్లో ఉందో ఇప్పుడే తెలుసుకోండి. మీకు అలాంటి కుక్క ఉంటే మీరే ముందుకొచ్చి నలుగురికీ చెప్పి ఉంచండి. మారేడ్‌పల్లిలోనో మల్కాజిగిరిలోనో ఒక వాట్సాప్ గ్రూపులో పది పేర్లు ఉన్నా ఎన్నో ప్రాణాలు నిలబడతాయి.

కుక్కపిల్లల ఇంట్లో పార్వో

పార్వో వైరస్ 1978 ప్రాంతంలో బయటపడి, రెండేళ్ళు తిరగకుండానే ప్రపంచమంతా పాకింది. పేగుల లోపలి పొరను ఊడ్చేస్తుంది, తెల్ల రక్తకణాలను పడగొడుతుంది. ఆరు వారాల నుంచి ఆరు నెలల లోపు పిల్లలే దీనికి ఎక్కువ బలి అవుతాయి. రాట్‌వీలర్, డాబర్‌మాన్ పిల్లలకు ముప్పు ఇంకాస్త ఎక్కువ. పొద్దున తిండి వదిలేస్తుంది, మధ్యాహ్నానికి వాంతులు, రాత్రికి భరించలేని వాసనతో నెత్తుటి విరేచనాలు. చిన్న ఒంట్లో నీరెంత ఉంటుంది? రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది.

ఇక్కడ నా మాట సూటిగా వినండి. టీకాలు పూర్తికాని పిల్ల తిండి మానేసి రెండుసార్లు కక్కిందంటే పొద్దున్నదాకా ఆగకండి. ఈ వైరస్‌ను సూటిగా చంపే మందు సాధారణ వాడకంలో లేదు. సెలైన్, వాంతులు ఆపే సూది, రక్తంలోకి చేరే బాక్టీరియాకు యాంటీబయాటిక్, వెచ్చదనం, వీలైనంత త్వరగా కాస్త ఆహారం, ఇవే వైద్యం. సమయానికి చేరి వైద్యం అందిన పిల్లల్లో ఎక్కువ శాతం బతుకుతాయి. అందనివాటిలో ఎక్కువ శాతం పోతాయి. ఈ జబ్బులో చావుకూ బతుక్కూ మధ్య ఉన్నది ఎక్కువగా ఆ సెలైన్ సీసానే. వాంతులవుతున్న పిల్లకు నోట్లో పెరుగన్నం, ఓఆర్ఎస్ కుక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. విరేచనాలు ఆపే మన మాత్రలు అసలే వద్దు. ఆస్పత్రిలో చేసే కిట్ పరీక్ష మొదటిరోజు నెగటివ్ రావచ్చు, గుర్తులు అవే ఉంటే పార్వోగానే భావించి వైద్యం చేయమని అడగండి.

టీకా వేయించినా పార్వో వచ్చిందని బాధపడేవాళ్ళున్నారు. కారణం తల్లిపాలు. తల్లి నుంచి వచ్చిన రక్షణ పిల్ల రక్తంలో ఉన్నంతకాలం టీకాను పనిచేయనివ్వదు. ఆ రక్షణ ఒక్కో పిల్లలో ఒక్కో వారంలో తగ్గుతుంది, ఎప్పుడు తగ్గిందో బయటికి తెలియదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేస్తూ, 16 వారాల వయసు నిండాక చివరిది వేయాలి. అన్నిటికంటే విలువైన సూది ఆ చివరిదే, చాలామంది మర్చిపోయేదీ అదే. పిల్లను అమ్మేవాడు "రెండు సూదులు అయిపోయాయి సార్" అంటే పుస్తకం అడగండి. టీకా సీసా స్టిక్కరు, బ్యాచ్ నంబరు, డాక్టర్ సంతకం లేకపోతే ఏమీ వేయనట్టే లెక్క. కోర్సు పూర్తయ్యేదాకా పిల్లను ఎత్తుకుని బయటి లోకం చూపించండి, పార్కులో నేల మీద మాత్రం దించకండి. మీ చెప్పులు కూడా గుమ్మం బయటే వదలండి.

డిస్టెంపర్ కూడా ఇదే టీకాతో ఆగుతుంది. కళ్ళు, ముక్కు కారడంతో మొదలై, దవడ వణకడం, కాలు ఆగకుండా ఎగిరిపడటం దాకా వెళ్తే నయం చేయడం చాలా కష్టం. వానాకాలంలో ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్ కిడ్నీలనూ కాలేయాన్నీ దెబ్బతీస్తుంది, కళ్ళు పచ్చబడతాయి. అది మనుషులకూ అంటుతుంది కాబట్టి ఆ కుక్క మూత్రం శుభ్రం చేసేటప్పుడు గ్లవ్స్ వేసుకోవాలి.

ఆడకుక్క ఉన్నవాళ్ళకు ఒక మాట. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని కుక్క, ఎదకు వచ్చి వెళ్ళిన నెలా రెండు నెలలకు నీళ్ళు విపరీతంగా తాగుతూ, తిండి మానేసి, కక్కుతోందంటే గర్భాశయంలో చీము పట్టిందేమో చూపించండి. కొన్నిట్లో చీము బయటికి కారుతుంది. కారని రకమే ఎక్కువ ప్రమాదం, లోపలే పగిలిపోవచ్చు. వయసు మీదపడిందిలే అని సరిపెట్టుకునే ఇళ్ళలో ఈ కుక్కలు అన్యాయంగా పోతాయి.

రేబీస్ దగ్గర లెక్క వేరు

ఇంతవరకు చెప్పినవన్నీ కుక్క ప్రాణం గురించి. ఇది మీ ప్రాణం గురించి కూడా. రేబీస్ లక్షణాలు బయటపడిన కుక్కను ఏ డాక్టరూ కాపాడలేరు. పిచ్చెక్కి మీద పడేదే రేబీస్ అనుకోకండి. మూగరకం ఉంది: దవడ వేలాడుతుంది, చొంగ కారుతుంది, మింగలేదు. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని ప్రేమకొద్దీ నోట్లో చెయ్యి పెట్టేది అప్పుడే. పెట్టకండి. గదిలో పెట్టి తలుపు వేసి డాక్టర్‌కు ఫోన్ చేయండి.

కరిచినా, గీరినా, పుండు మీద చొంగ పడినా, కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి అదే రోజు సూది వేయించుకోవాలి. చర్మం తెగి రక్తం వస్తే సీరం కూడా అడగాలి. నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌కు మన ఊరివాళ్ళు తరతరాలుగా వెళ్తున్నారు. లక్షణాలు ముదిరాక మనుషులను తీసుకెళ్ళేది నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి, దానికున్నది రొనాల్డ్ రాస్ పేరే. అక్కడిదాకా ఏ ఇల్లూ రాకూడదు. కుక్కకు మూడు నెలల వయసులో మొదటి టీకా, ఆ తర్వాత ఏటా ఒకటి, అంతే కావలసింది. ఆ టీకాను తయారుచేసే ఇండియన్ ఇమ్యునలాజికల్స్ మన హైదరాబాద్‌లోనే ఉంది. జూలై 6న, ప్రపంచ జూనోసిస్ దినం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేసే ఆనవాయితీ ఉంది. మీ వీధి కుక్కలను కూడా ఆ రోజు తీసుకెళ్ళండి.

ఆ రాత్రికి ముందే

రెండు ఆస్పత్రుల నంబర్లు రాసి పెట్టుకోండి. ఒకటి దగ్గర్లోది, ఇంకొకటి రాత్రంతా తెరిచి ఉండి ఆపరేషన్ చేయగలిగినది. బోర్డు మీద 24 గంటలు అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి, ఒకసారి రాత్రి పదింటికి ఫోన్ చేసి ఎవరు ఎత్తుతారో చూడండి. పగటిపూటైతే నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఉంది. రాత్రి ఏ దారిన వెళ్ళాలో కూడా ముందే ఒకసారి చూసుకోండి, కంటోన్మెంట్‌లో కొన్ని దారులు రాత్రిపూట మూసి ఉండొచ్చు. జబ్బు కుక్కను ఆటోవాళ్ళు ఎక్కించుకోకపోవచ్చు. కారున్న పక్కింటివాళ్ళతో "ఎప్పుడైనా అర్ధరాత్రి తలుపు కొడతాను అన్నా" అని ఇప్పుడే చెప్పి ఉంచండి.

డబ్బు గురించి సిగ్గుపడకండి. "ఈ రాత్రికి ఎంతవుతుంది, బతికే అవకాశం ఎంత, రేపు మళ్ళీ ఎంత కావాలి?" అని అడగడం ప్రేమలేకపోవడం కాదు. నెలనెలా కొంత విడిగా దాచండి, లేదా బీమా తీసుకోండి. ఎంతవరకు భరించగలమో ఇంట్లో అందరూ కూర్చుని ముందే మాట్లాడుకోండి. ఆ మాట ఆస్పత్రి కారిడార్‌లో మొదలైతే అన్నదమ్ముల మధ్య కూడా పొరపొచ్చాలు వస్తాయి.

అన్నీ చేసినా కొన్నిసార్లు డాక్టర్ తల అడ్డంగా ఊపుతారు. అప్పుడు అడగవలసింది "ఇంకెన్ని రోజులు బతుకుతుంది" అని కాదు, "ఆ రోజులు ఎలా గడుస్తాయి" అని. నొప్పి తగ్గే దారి లేదంటే సుఖమరణం గురించి మాట్లాడటం పాపం కాదు. మత్తుమందు ఎక్కువ మోతాదులో ఇస్తారు, ముందు నిద్ర వస్తుంది, ఆ నిద్రలోనే గుండె ఆగుతుంది. వీలైతే పక్కనే ఉండండి, దానికి తెలిసిన గొంతు వినిపిస్తూ ఉండాలి. పిల్లలకు "ఊరికి పంపించాం" అని చెప్పకండి. నిజం చెప్పండి, ఏడవనివ్వండి. నాగోలు దగ్గర ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనవాటిక ఉంది, వెళ్ళే ముందు ఫోన్ చేసి వివరాలు కనుక్కోండి.

కొన్నాళ్ళకు ఇంకో కుక్కపిల్లను తెచ్చుకోవాలనిపిస్తుంది. మంచిదే, తెచ్చుకోండి. అయితే పోయింది పార్వోతో అయితే ఒక్క విషయం చూసుకోవాలి. ఆ వైరస్ మీ ఇంటి నేలలో, పెరట్లో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతికి ఉంటుంది. ఫినాయిల్‌కు చావదు. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్ళు కలిపి, ముందుగా సబ్బుతో కడిగిన నేల మీద పోసి, పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేయాలి. పాత పరుపు, గిన్నెలు, తాడు పారేయండి. పెరట్లో మట్టిని బ్లీచింగ్‌తో శుభ్రం చేయడం కుదరదు కాబట్టి, 16 వారాలు నిండి చివరి టీకా కూడా పడ్డాక మరో రెండు వారాలు ఆగి, అప్పుడు కొత్త పిల్లను పెరట్లోకి వదలండి.